టమాటో రేకు మీద మా కుక్క

నేను పనిచేసే స్కూల్ వంటగదికి టమాటో సాస్ పెద్ద పెద్ద రేకు డబ్బాల్లో వస్తుంది. ఖాళీ అయ్యాక కడిగి రీసైక్లింగ్‌లో పడేయడం నా పని. నాతోపాటు అక్కడ పనిచేసే మెక్సికో ఆవిడ మాత్రం వారానికి ఒకటో రెండో అడిగి పక్కన పెట్టుకునేది. వాటి మూతా అడుగూ తీసేసి, నిలువునా కోసి, సుత్తితో కొట్టి సాపు చేసి ఇంటికి పట్టుకుపోయేది. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం గానీ, ఆమెవి ఒక రకం ముక్కలు, నావి ఇంకో రకం ముక్కలు. పైకి పేరు పెట్టి పిలిచినా మనసులో అక్క అనే అనుకునేదాన్ని. ఇక్కడా అక్క అనే రాస్తాను.

"ఏం చేసుకుంటావు ఈ రేకులు?" అని ఒకరోజు అడిగాను.

"బొమ్మలు వేస్తాను. సెయింట్‌కి థాంక్యూ చెప్పే బొమ్మలు."

వాళ్ళ ఊళ్ళో ఏదైనా కష్టం వస్తే సెయింట్‌కి మొక్కుకుంటారట. గట్టెక్కితే జరిగిందంతా రేకు మీద బొమ్మగా వేయించి, కింద నాలుగు మాటలు రాయించి, చర్చి గోడకి తగిలిస్తారట. వాళ్ళ తాత ఆ బొమ్మలు వేసేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పనిని అక్క ఇక్కడ తెలిసినవాళ్ళ కోసం చేస్తోంది. నాకు పెద్ద వింతగా అనిపించలేదు. కళ్ళు బాగుపడితే హుండీలో వెండి కళ్ళు వేసే జాతి మనది. "మాకూ ఉన్నాయిలే మొక్కులు" అన్నాను, కాస్త గర్వంగానే. ఆమె మొక్కుకీ నా మొక్కుకీ ఎంత తేడా ఉందో అప్పటికి తెలీదు.

మేముండేది ఇక్కడ ఆష్‌బర్న్ అనే ఊళ్ళో. మా ఆయన ఒక డేటా సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేస్తాడు. మాకు ఒక్కతే అమ్మాయి, అప్పటికి పన్నెండేళ్ళు. దాని పోరు పడలేక షెల్టర్ నుంచి ఒక కుక్కని తెచ్చుకున్నాం. గోధుమ రంగుది, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. అది పూర్తిగా మా అమ్మాయి కుక్క. నాకూ దానికీ పొసగేది కాదు. మడి గిన్నెలు నాకుతుంది, పూజ గదిలో దూరుతుంది, వాక్యూమ్ వేస్తే నా మీదే మొరుగుతుంది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. రోజుకి పదిసార్లు దాన్ని తిట్టేదాన్ని.

ఆ జనవరిలో ఒక మంగళవారం ఆంజనేయస్వామికని తెల్లవారుజామునే లేచి స్నానం చేసి అప్పాలు చేశాను. మా అమ్మాయి కుక్కని బయట తిప్పి తెచ్చి స్కూల్ బస్సు ఎక్కి వెళ్ళిపోయింది. నేను పూజ గదిలో దీపం పెట్టి వచ్చేసరికి పళ్ళెం కింద పడి ఉంది. నైవేద్యం పెట్టకముందే అప్పాలన్నీ కుక్క పొట్టలోకి వెళ్ళిపోయాయి. అది మూతి నాక్కుంటూ, తోక ఊపుతూ నావైపు చూసింది.

"పోయి చావు" అని దాన్ని పెరట్లోకి నెట్టి తలుపు వేసేశాను.

ఈ మాట మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా అంటామో అందరికీ తెలుసు. పాలు పొంగినా అంటాం, పెన్సిల్ పోగొట్టినా అంటాం. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అలా అనకూడదని చిన్నప్పుడు పెద్దలు నా నోటి మీద కొట్టేవారు. అయినా ఆ అలవాటు పోలేదు.

ఆ రోజు చెత్తబండి వచ్చే రోజు. ముందు రోజు సాయంత్రం డబ్బా బయట పెట్టడం మా ఆయన పని, మర్చిపోయాడు. నేనే విసుక్కుంటూ నీలం డబ్బాని పక్క గేటులోంచి రోడ్డు మీదికి లాక్కెళ్ళాను. ఆ గేటు గడియ మొండిది, పైకెత్తి నెడితే గానీ పడదు. చేతికి అంటిన మురికి తుడుచుకుంటూ అటు నుంచి అటే కారెక్కి డ్యూటీకి పోయాను. గడియ పెట్టలేదు.

తొమ్మిదింటికి మా ఆయన ఇంటికి వచ్చి ఫోన్ చేశాడు. గేటు బార్లా తెరిచి ఉందనీ, కుక్క లేదనీ చెప్పాడు. నేను గడియ పెట్టని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం దాకా అతను కారులో వీధులన్నీ తిరిగాడు. అమ్మాయి స్కూల్ నుంచి వచ్చాక ముగ్గురం వంటింట్లో నిలబడ్డాం. డబ్బా తనే పెట్టాననుకున్నాడు మా ఆయన. అందుకే అమ్మాయిని అడిగాడు.

"పొద్దున వాకింగ్ నుంచి వచ్చాక గేట్ లాక్ చేశావా?"

అది తెల్లబోయింది. "చేశాను... ఐ థింక్. లేకపోతే మర్చిపోయానేమో, డాడీ. నాకు తెలీదు. నేనే మర్చిపోయాను."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

నేను నోరు తెరిచాను. ఒక్క మాట చాలు, "నేనే" అనాలి. కానీ ఆ మాట వెనకాలే అప్పాలు, నెట్టడం, పోయి చావు అనడం, అన్నీ బయటికి వస్తాయి. కూతురి కుక్కని చావమన్న తల్లిని అవుతాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి అది ఇంకా బరువెక్కింది.

బుధవారం వంటగదిలో కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. అక్క వెనకాలే వచ్చింది. కుక్క పోయిందని మాత్రమే చెప్పాను.

"జంతువులకి ఒక సెయింట్ ఉన్నాడు. ముసలాయన, పక్కన పందిపిల్ల ఉంటుంది. ఆయన్ని అడుగు. దొరికితే బొమ్మ నేను వేస్తాను. కానీ మొత్తం చెప్పాలి, ఏమీ దాచకూడదు."

వరాహావతారానికి దండం పెట్టేవాళ్ళకి పందిపిల్ల కొత్తేమీ కాదు గదా. మొక్కుకున్నాను. అది చాలదేమోనని మా ఏడుకొండలవాడికీ మూడు కత్తెరలు మొక్కాను. పూర్తి గుండు అనడానికి నోరు రాలేదు. అంత భయంలోనూ బేరమాడిన మనిషిని నేను.

గురువారం మంచు పడింది. మోకాలి లోతు. స్కూళ్ళు మూసేశారు. అమ్మాయి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. కుక్క దుప్పటి కిటికీ దగ్గర పరుచుకుని బయటికి చూస్తూ కూర్చునేది. మధ్యమధ్యలో బూట్లు వేసుకుని వెళ్ళి ఆ గేటు గడియ లాగి చూసి వచ్చేది, ఒకటి, రెండు, మూడు. కుక్క లోపల లేదు, ఇంక ఆ గడియతో ఏం పని? నేను కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

శనివారం పొద్దున మా ఆయనకి ఫోన్ వచ్చింది. అతను పనిచేసే చోటుకి రెండు రోడ్ల అవతల ఉన్న ఇంకో డేటా సెంటర్ సెక్యూరిటీ గార్డ్. మెడ పట్టీ మీద నంబరు చూసి చేశాడు. ముగ్గురం పరిగెత్తాం. అక్కడ ఆఫీసు గదిలో, గార్డ్ కోటు కప్పుకుని, మా కుక్క. మమ్మల్ని చూసి లేవబోయి తూలింది. మా అమ్మాయి నేల మీద పడిపోయి దాన్ని కావలించుకుంది.

గార్డ్ నల్లజాతి పెద్దమనిషి, అరవై దాటి ఉంటాయి. "ముందు మీరిది చూడాలి, నిన్న రికార్డయింది" అని కెమెరా తెర ముందుకి తీసుకెళ్ళాడు.

ఆ భవనాల లోపల కంప్యూటర్ మిషన్లు రాత్రీపగలూ కాగుతుంటాయి. ఆ వేడిగాలిని వెనక గోడలోంచి బయటికి వదులుతారు. ఊరంతా మంచు కప్పుకున్నా ఆ గోడ కింద మంచం పట్టేంత చోట పచ్చగడ్డి కనిపిస్తోంది. ఆ గడ్డి మీద మూడు జింకలు పడుకుని ఉన్నాయి. వాటి మధ్యలో గోధుమ రంగు ముద్ద, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. ఒక జింక మెడ చాపి ఆ చెవి మీద పడిన మంచుని నాకుతోంది.

"చలికాలం జింకలు అక్కడికి వస్తుంటాయి" అన్నాడు గార్డ్. "కుక్కని చూస్తే జింక ఆగదు. ఇరవై ఏళ్ళుగా కెమెరాలు చూస్తున్నాను. ఇలాంటిది చూడలేదు."

నేను ఆ తెరకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఇంకేం చేయాలో తెలీలేదు. నేను చావమని తరిమిన ప్రాణాన్ని, దాన్ని చూస్తేనే పారిపోవలసిన ప్రాణాలు మధ్యలో పెట్టుకుని కాపాడాయి.

కుక్క కోలుకుంది. నేను గిన్నెలు నాకనిస్తున్నాను, పూజ గదిలోకి కూడా రానిస్తున్నాను. అమ్మాయి మాత్రం కోలుకోలేదు. ప్రతి పొద్దునా గడియ లాగి చూసేది, ఒకటి, రెండు, మూడు. ఒకరోజు బస్‌స్టాప్ నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చి చూసి, బస్సు పోగొట్టుకుంది. కుక్క వచ్చేసిందిగా, ఇంక దేనికే అంటే, "నేను మళ్ళీ మర్చిపోతే?" అంది. కుక్క దొరికింది కాబట్టి నిజం దానంతటదే పాతబడుతుందనుకున్నాను. అది పాతబడలేదు, నా కూతురి చేతి వేళ్ళలోకి వెళ్ళి కూర్చుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం బొమ్మ వేయించుకోవడానికి పక్క ఊరు స్టెర్లింగ్‌లో అక్క అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. తలుపు తీయగానే ఎదురుగా గోడ. గోడ నిండా రేకులు. కొన్ని తాత వేసినవి, అంచులు తుప్పు పట్టి ఉన్నాయి. కొన్ని అక్క వేసినవి. ఒక దాంట్లో బావిలో ఆవు, పైన తాళ్ళు పట్టుకున్న మనుషులు చీమలంత, ఆకాశం మూల మేఘంలో మేరీమాత. ఇంకో దాంట్లో తాగి పడిపోయిన మనిషిని వీపు మీద వేసుకుని ఇంటికి తెచ్చిన గాడిద. పాముకీ ఉయ్యాలకీ మధ్య నిలబడిన కుక్క. బొమ్మలు గొప్పగా వేసినవేం కావు. ఇంటికంటే కోడి పెద్దగా ఉంది, మనుషులందరికీ ఒకటే ముఖం. అయినా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కింద రాసినవి అక్క ఒక్కొక్కటే చదివి చెప్పింది.

"మా కోడి మూడు రోజులు కళ్ళు తెరవలేదు. సెయింట్ దయ వల్ల లేచింది. ఆదివారం గుడ్డు కూడా పెట్టింది."

నవ్వొచ్చింది, వెంటనే దగ్గరికి జరిగి మళ్ళీ చూశాను. ఒక కోడి బతికిందని ఇంత భక్తిగా రేకు మీద వేయించి గోడకెక్కించిన వాళ్ళు ఎవరో. దేవుడికి చెప్పుకోవడానికి ఏదీ చిన్నది కాదన్నమాట. పెద్దపెద్ద గుళ్ళు చూశాను, బంగారు గోపురాలు చూశాను, ఆ కోడి ముందు నిలబడ్డంత బెరుకుగా ఎక్కడా నిలబడలేదు.

చివర్లో ఒక ఎద్దు బొమ్మ ఉంది. పక్కన ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతని వెనకే మళ్ళీ అతనే, చేతిలో కర్రెత్తి.

"కోపంలో నేను నా ఎద్దుని ముఖం మీద కొట్టాను. దాని చూపు పోయింది. తప్పు నాది. సెయింట్ నా మొర విని దానికి చూపు తెచ్చాడు" అని చదివింది అక్క.

"తన తప్పు తనే రాయించుకున్నాడా? అందరూ చూసే గోడ మీద?"

"అది లేకపోతే సెయింట్ ఏం చేశాడో ఎలా తెలుస్తుంది?" అంది అక్క, ఇందులో అడగడానికేముందన్నట్టు.

మన మొక్కు అలా కాదు. గుండుతో కనిపించిన మనిషిని ఎందుకని అడగం. మొక్కుంది అంటే చాలు, అక్కడితో మాట ఆగిపోతుంది. మూడు కత్తెరలు ఇచ్చేసి నేనూ హాయిగా దాచుకోవచ్చు. ఈ రేకు అలా ఒప్పుకోదు.

అక్క తెల్లరంగు పూసి ఆరబెట్టిన రేకుని బల్ల మీద పెట్టింది. కింద మూడో వంతు రాతకి వదిలేసింది. అడుగుతూ వేయడం ఆమె పద్ధతి. మీ ఇల్లు ఏ రంగు? గేటు ఎటువైపు? ఎండ ఉందా, మబ్బా? నేను చెబుతుంటే సన్న కుంచెతో చకచకా వేసుకుపోయింది. పెద్ద గోడ, పచ్చగడ్డి, మూడు జింకలు, మధ్యలో మా కుక్క, పై మూల మేఘంలో పందిపిల్లతో ముసలాయన. ఎడంవైపు మా ఇల్లు, తెరిచి ఉన్న గేటు.

"గేటు దగ్గర ఎవరు?"

"ఎవరూ వద్దు."

"దానంతటదే తెరుచుకుందా?"

కుంచె గాల్లో ఆగి ఉంది.

"మా అమ్మాయి" అన్నాను. "మర్చిపోయింది, పాపం."

"ఏం వేసుకుంటుంది?"

"పసుపు జాకెట్. రెండు జడలు."

అక్క తలూపి కుంచె పసుపు రంగులో ముంచింది. నాలుగు గీతల్లో గేటు పక్కన చిన్న పిల్ల నిలబడింది. పసుపు జాకెట్, రెండు జడలు, గేటు మీద చెయ్యి. ముఖం ఇంకా వేయలేదు. ఆ ముఖం లేని పిల్ల చెయ్యి చూస్తూ ఉండిపోయాను. ఒకటి, రెండు, మూడు. ఈ రేకు తుప్పు పట్టేదాకా నా కూతురు అక్కడ నిలబడి ఉంటుంది, సెయింట్ ముందు, నేను చేసిన పనికి.

"అది కాదు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "అది కాదు. నేను. గేటు నేను వదిలేశాను. దాన్ని చావమన్నాను. అందరికీ అబద్ధం చెప్పాను, ఇప్పుడు నీకు కూడా."

అక్క కుంచె పక్కన పెట్టింది. గుడ్డని థిన్నర్‌లో తడిపి, ఆ పిల్లని మెల్లిగా తుడిచేసింది. "నువ్వేం వేసుకున్నావు?" అని అడిగింది. ఎర్ర స్వెటర్ అని చెప్పాను. గేటు దగ్గర ఎర్ర స్వెటర్ మనిషిని వేసింది, చేతిలో నీలం డబ్బా. కింద ఇంకోసారి అదే మనిషిని వేసింది, మోకాళ్ళ మీద. పసుపు పూర్తిగా పోలేదు. గేటు పక్కన చిన్న మరక మిగిలింది. దాని మీద తెల్లరంగు వేయబోతే నేనే వద్దన్నాను.

"రాత నువ్వే రాయి, నీ భాషలో" అంది. "ఆయన చదువుతాడు."

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన టీ పెడుతున్నాడు. రేకు బల్ల మీద పెట్టి అమ్మాయిని పిలిచాను. అది ఆదివారాలు తెలుగు క్లాసుకి వెళ్తుంది గానీ, ఒత్తు కనిపిస్తే ఆగిపోతుంది. ముందు జింకల్ని చూసి దాని ముఖం వెలిగింది. తర్వాత కింద రాత మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది.

"మంగళ... వారం పొద్దున... కోపంలో నేను... మా కుక్కని... పోయి చావు... అన్నాను."

వేలు ఆగింది. నావైపు చూడలేదు. మా ఆయన స్టవ్ ఆపేశాడు.

"గేటు... గడి... గడియ పెట్టకుండా... వెళ్ళింది... నేనే. మా అమ్మాయి... కాదు. ఈ నిజం... దాచాను. నేను తరిమిన... ప్రాణాన్ని... మూడు జింకలు... కాపాడాయి. పందిపిల్ల స్వామికీ... మా స్వామికీ... జింకలకీ... దండం."

అంత నెమ్మదిగా నా తప్పుని ఎవరైనా చదువుతుంటే వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఒక్కో అక్షరానికీ ఆగి, ఇది నిజమేనా అన్నట్టు తడుముకుంటూ చదివింది. నేను సాయం చేయలేదు. చేసే హక్కు నాకు లేదు.

"అమ్మా, ఈ యెల్లో ఏంటి?"

"అక్కడ ముందు నిన్ను వేయించాను."

అప్పుడు చూసింది నావైపు. దాని కళ్ళలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. నా కోపమే అది, నా ముక్కు మీద ఉండేదే. "ఐ థాట్ నేను దాన్ని చంపేశాను అని. ఎవ్రీ డే అమ్మా. నువ్వు చూస్తూ ఉన్నావు" అంది.

"చూస్తూనే ఉన్నాను" అన్నాను.

అది కుక్కని తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా ఆయన ఆ తలుపు దగ్గర నిలబడి, "సారీ రా, నేనూ ఊరికే తిట్టాను" అన్నాడు. టీ వడకట్టి నా ముందు పెట్టాడు. రేకుని పూజ గదిలో వెంకన్న పక్కన పెట్టాను. మూడు కత్తెరల మొక్కు ఇంకా బాకీ ఉంది. ఎవరైనా ఎందుకని అడిగితే మొత్తం చెబుతాను.

రెండు రోజులు అమ్మాయి నాతో మాట్లాడలేదు. మంగళవారం పొద్దున కుక్కని తిప్పి తెచ్చి, బ్యాగు తగిలించుకుని పక్క గేటులోంచి బయటికి వెళ్ళింది. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. గేటు ఒక్కసారి లాగింది. పసుపు జాకెట్ రోడ్డు దాటి బస్‌స్టాప్ దాకా వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బస్సు వచ్చింది, ఎక్కింది, వెళ్ళిపోయింది.

నేను చెప్పులు వేసుకుని వెళ్ళి చూశాను. గడియ పడే ఉంది. అయినా లాగి చూశాను. ఒకటి, రెండు, మూడు.